నూరు మైళ్లకి ముందు నడక నేర్చుకోండి

ప్రశ్న: అన్నగారూ, నమస్కారం. మాది ఖమ్మం. పదిహేనేళ్లుగా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. నాకు 44 ఏళ్లు. ఆరేళ్లుగా వెస్టర్న్ స్టేట్స్ 100 మైళ్ల పరుగు లాటరీలో పేరు వేస్తున్నాను. మొన్న డిసెంబరులో తగిలింది. జూన్ ఆఖరులో పరుగు. 100 కిలోమీటర్ల ట్రెయిల్ పరుగులు ఐదారు పూర్తి చేశాను. 100 మైళ్లు మాత్రం ఒక్కసారే ప్రయత్నించాను, నిరుడు, వేరే చోట. 68వ మైలు దగ్గర వాంతులతో కుర్చీలో కూలబడి మానేశాను. అప్పటికే రెండు గంటలుగా నడుస్తున్నాను. నడవాల్సి వచ్చిందన్న సిగ్గే నన్ను ముందు చంపింది. ఈసారి 24 గంటల్లోపు చేసి, అలా చేసినవాళ్లకి ఇచ్చే వెండి బెల్టు బకిల్ తెచ్చుకోవాలని పట్టుదల. నేను శాకాహారిని, పరుగులో శక్తికోసం మింగే తీపి జెల్స్ పడవు. మోకాళ్ల నొప్పికి ఐబుప్రొఫెన్ వేసుకోవచ్చా? ఇంకొకటి. మా ఆవిడ ఈసారి క్రూగా, అంటే దారిలో తిండీ సామానూ అందించే తోడుగా, రానంటోంది. "మీ పరుగు, మీరే చూసుకోండి" అంది. అమ్మకైతే చెప్పనే లేదు. పోయినసారి చెబితే "నిన్నెవరైనా తరుముతున్నారా నాయనా" అని ఏడ్చింది.
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: ముందుగా అభినందనలు. దాదాపు పది వేల మంది పేర్లు వేస్తే నాలుగు వందల మందికి కూడా చోటు దొరకని లాటరీ అది. ఆరేళ్లు ఆగారంటే ఆ ఆరేళ్లూ అర్హత పరుగులు చేస్తూనే వచ్చారన్నమాట. అక్కడికే మీరు చాలామందికన్నా ముందున్నారు.

మీ ఉత్తరంలో వాంతులు, జెల్స్, మోకాళ్లు, మాత్రలు అన్నీ ఉన్నాయి. వాటి దగ్గరికి వస్తాను. నేను రెండుసార్లు చదివిన వాక్యం మాత్రం వేరే. "నడవాల్సి వచ్చిందన్న సిగ్గే నన్ను ముందు చంపింది" అన్నారే, అది. నిరుడు మిమ్మల్ని ఆపింది కడుపే అని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. వెస్టర్న్ స్టేట్స్ దారి, కాలిఫోర్నియా కొండల్లో ఆలింపిక్ వ్యాలీ నుంచి ఆబర్న్ దాకా, 100.2 మైళ్లు. గడువు 30 గంటలు. భాగిస్తే మైలుకి 18 నిమిషాలు. ఆదివారం పొద్దున మీ ఫ్రీమాంట్ పార్కుల్లో ఫోన్‌లో మాట్లాడుకుంటూ వాకింగ్ చేసే మనవాళ్లు కూడా ఇంచుమించు ఆ వేగంతోనే నడుస్తారు. చదునుగా ఉన్న చోట చురుగ్గా నడిస్తే మైలు 15 నిమిషాల్లో అయిపోతుంది. అయితే వంద మైళ్లూ చదునుగా ఉండవు, ఎండ ఉంటుంది, చీకటి ఉంటుంది, ఒప్పుకుంటాను. నేను చెప్పేదల్లా ఒకటే. మీలాంటివాళ్లకీ నాలాంటివాళ్లకీ ఈ పరుగులో సగం దాకా నడకే. ఆ నడక ఎంత బాగా వస్తే అంత తొందరగా చేరతాం. నిరుడు మీరు నడిచింది ఓడిపోయినవాడి నడక: తల వంచుకుని, మైలుకి 25 నిమిషాలు పట్టే నడక. అది వేరు, ముందే అనుకుని నడిచే నడక వేరు.

కాబట్టి మొట్టమొదటి సలహా, మీకు నచ్చనిది: వెండి బకిల్ సంగతి ఈసారికి మరిచిపోండి. 24 గంటలంటే మైలుకి 14 నిమిషాల 22 సెకన్లు. అందులోనే తిండి, నీళ్లు, చెట్టు చాటుకి వెళ్లడం, సాక్సులు మార్చుకోవడం, నది దాటడం అన్నీ. ఒక్క వంద మైళ్లు కూడా పూర్తి చెయ్యని మనిషి ఆ లెక్క నెత్తిన పెట్టుకుంటే మొదటి 30 మైళ్లలోనే దెబ్బతింటాడు. నాకెలా తెలుసంటే, నేనూ అలాగే దెబ్బతిన్నాను. నా మొదటి ప్రయత్నంలో 30వ మైలు రాబిన్సన్ ఫ్లాట్‌కి అనుకున్నదానికన్నా 40 నిమిషాలు ముందే చేరాను. భుజాలు ఎగరేసుకుంటూ వెళ్లాను. 62వ మైలు ఫారెస్ట్‌హిల్ చేరేసరికి తొడలు పని చెయ్యడం మానేశాయి. రోడ్డు అంచున ఉన్న చిన్న గట్టు దిగడానికి నా పేసర్, అంటే తోడుగా పరిగెత్తే స్నేహితుడి, చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. ఆ 40 నిమిషాల గర్వం అక్కడితో సరి. మూడేళ్ల తర్వాత మళ్లీ చోటు దొరికితే 28 గంటల 50 నిమిషాలకి పూర్తి చేశాను. 24 దాటి 30 గంటల్లోపు వచ్చినవాళ్లకి ఇచ్చే కంచు బకిల్. మా ఇంట్లో తాళాలు తగిలించే కొక్కేనికి అదే వేలాడుతోంది.

ఈ రెండు గడువులూ ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే మీ పట్టుదల కొంత సడలుతుందేమో. ఈ దారి అసలు గుర్రాలది. టెవిస్ కప్ అని 24 గంటల్లో 100 మైళ్ల గుర్రపు స్వారీ పోటీ. 1973లో గోర్డీ ఎయిన్స్‌లీ గుర్రం కుంటడంతో రాబిన్సన్ ఫ్లాట్ దగ్గరే ఆగిపోయాడు. మరుసటి ఏడాది గుర్రం లేకుండా, గుర్రాలతో పాటే తన కాళ్ల మీద బయల్దేరి 23 గంటల 42 నిమిషాలకి ఆబర్న్ చేరాడు. 24 గంటల గడువు అలా గుర్రాల నుంచి వచ్చింది. 1977లో మొదటిసారి మనుషులకి పరుగు పెడితే 14 మంది బయల్దేరారు. 24 గంటల్లోపు ఒక్కరే వచ్చారు. యాభై దాటిన ఇద్దరు మాత్రం ఆగకుండా వస్తూనే ఉండి 28 గంటల 36 నిమిషాలకి చేరారు. వాళ్లని చూశాకే 30 గంటల గడువు పుట్టింది. ఆ ఇద్దరిలో ఒకరు రాల్ఫ్ పాఫెన్‌బర్గర్. వ్యాయామం గుండెకి ఎంత మేలు చేస్తుందో ఏళ్ల తరబడి పరిశోధించిన వైద్యుడు. అంటే మీకు ఇచ్చిన గడువు ఆలస్యంగా వచ్చినవాళ్లు సంపాదించి పెట్టినది. దాన్ని పూర్తిగా వాడుకోండి, తప్పేమీ లేదు.

ఇప్పుడు నడక సాధన. వారంలో ఒకరోజు పరుగు మానేసి నడక మాత్రమే పెట్టుకోండి. ట్రెడ్‌మిల్‌ని ఎంత వాలు వస్తే అంత పెట్టి గంటసేపు నడవండి. పక్క కమ్మీలు పట్టుకోవద్దు. పట్టుకుంటే శ్రమంతా చేతులు దొంగిలిస్తాయి. మీకు మిషన్ పీక్ కొండ దగ్గరే ఉంది కదా. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి మొత్తం నడకతోనే ఎక్కండి, అడుగులు చిన్నవిగా, శ్వాస మాట్లాడగలిగేంత తీరుబడిగా ఉండాలి. మీ పక్కనుంచి కాలేజీ పిల్లలు పరిగెత్తుకుంటూ పోతారు. పోనివ్వండి. జూన్‌లో ఆలింపిక్ వ్యాలీలో తెల్లవారుజామున 5 గంటలకి తుపాకీ పేలగానే సరిగ్గా ఇదే జరుగుతుంది. మొదటి నాలుగున్నర మైళ్లలో 2,550 అడుగులు ఎక్కించి 8,750 అడుగుల ఎత్తున్న ఎమిగ్రెంట్ పాస్‌కి తీసుకెళ్తారు. మిషన్ పీక్ శిఖరమే 2,517 అడుగులు. అంటే సముద్రమట్టం నుంచి మిషన్ పీక్ ఎక్కినంత ఎత్తు, అదీ గాలి పలచగా ఉండే చోట. చుట్టూ జనం పరిగెడుతుంటే నడవడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.

ఎక్కడం గురించి అందరూ భయపడతారు, మనల్ని పడగొట్టేది దిగడం. ఈ దారిలో మొత్తం ఎక్కేది 18,090 అడుగులైతే దిగేది 22,970 అడుగులు. అలిపిరి మెట్లు ఎక్కి కొండ మీదికి వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి బస్సులో దిగుతారు కాబట్టి తెలియదుగానీ, ఒక్కసారి ఆ మెట్లు కాలినడకన దిగి చూసినవాళ్లని అడగండి. మర్నాడు కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకోవాలి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువుకి బ్రేకు వేస్తుంది. ఆ సాగడంలోనే దాని పోగులు దెబ్బతింటాయి. మంచి విషయమేమిటంటే, ఒకసారి గట్టిగా దిగి నొప్పి పడి కోలుకున్న కండరం రెండోసారి అంత దెబ్బతినదు. కొన్ని వారాల పాటు ఆ రక్షణ ఉంటుంది. అందుకని ఏప్రిల్ నుంచి పది రోజులకి ఒకసారి పొడవాటి దిగుడు పెట్టుకోండి. మిషన్ పీక్‌ని నడిచి ఎక్కి, పరిగెత్తి దిగి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగండి. మే నెలాఖరులో మెమోరియల్ డే సెలవులప్పుడు నిర్వాహకులే అసలు దారి మీద మూడు రోజుల శిక్షణ పరుగులు పెడతారు, మొత్తం 70 మైళ్ల దాకా వస్తుంది. తప్పకుండా వెళ్లండి. పరుగుకి నాలుగు వారాల ముందు తొడలకి ఇంతకన్నా మంచి టీకా లేదు. పైగా రాత్రి హెడ్‌ల్యాంప్ వెలుగులో ఏ మలుపు ఎలా ఉంటుందో ముందే పరిచయమవుతుంది.

ఇక లోయలు. మధ్యాహ్నం మండే వేళకి 40 నుంచి 60 మైళ్ల మధ్య లోయల్లో ఉంటారు. బాగా ఎండ కాసిన ఏడాది అక్కడ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. మన రామగుండం, కొత్తగూడెం ఎండలు చూసినవాళ్లం మనకేమిటి అనుకోకండి. మే నెల మధ్యాహ్నం ఒంటిగంటకి కొత్తగూడెంలో ఎవరూ గుట్ట ఎక్కరు. 2022 సెప్టెంబరులో మస్కిటో అని పేరుపెట్టిన కార్చిచ్చు ఆ లోయల్లో చాలా దారిని కాల్చేసింది. ఒకప్పుడు నీడ ఇచ్చిన చెట్లు చాలాచోట్ల మోడులై నిలబడ్డాయి. అడుగున నది దాటాక డెవిల్స్ థంబ్ అని ఒక ఎక్కుడు ఉంది. రెండు మైళ్లలోపే పదిహేను వందల అడుగులు, మలుపు తర్వాత మలుపు. ఇక పైకి వచ్చేశాం అనుకున్న ప్రతిసారీ ఇంకో మలుపు ఉంటుంది. గాలి ఆడదు. అక్కడ నా ముందు ఒకాయన దారి పక్కన రాయి మీద కూర్చుని బూట్లోంచి మట్టి దులుపుకుంటున్నాడు. నేను దాటి వెళ్లాను. నాలుగు మలుపుల తర్వాత నేను కూర్చుంటే ఆయన నన్ను దాటాడు. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఎండకి మందు రెండు రకాలు. మొదటిది ముందే చేసేది. పరుగుకి మూడు వారాల ముందు మొదలుపెట్టి, పది పద్నాలుగు రోజుల పాటు రోజూ ఆవిరి గదిలోనో సౌనాలోనో ఇరవై ముప్ఫై నిమిషాలు కూర్చుంటే శరీరం తొందరగా చెమట పట్టడం నేర్చుకుంటుంది, రక్తంలో ద్రవం పెరుగుతుంది. బీపీ మాత్రలు వాడుతుంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా ఆ పని చెయ్యకండి. రెండోది ఆ రోజు చేసేది: ఐసు. దారిలో తిండీ నీళ్లూ ఇచ్చే ప్రతి ఎయిడ్ స్టేషన్‌లో అడిగి టోపీలో ఐసు, మెడకి కట్టుకున్న గుడ్డలో ఐసు, చొక్కా చేతుల్లో ఐసు పోయించుకోండి. మొహమాటపడకండి, వాలంటీర్లు అందుకే నిలబడి ఉంటారు. పది నిమిషాల్లో కరిగిపోతుంది, కానీ ఆ పది నిమిషాలు మీ కడుపు పని చేస్తుంది.

కడుపు అన్నాను కదా, వాంతుల అసలు సంగతి అక్కడుంది. వేడెక్కిన శరీరం చల్లబడడానికి రక్తాన్ని చర్మానికి పంపుతుంది, పరిగెత్తే కాళ్లు తమ వాటా లాక్కుంటాయి, జీర్ణానికి మిగిలేది కొంచెమే. ఆ సమయంలో తీపి జెల్ ఒకదాని మీద ఒకటి పోస్తే కడుపు ఏం చేస్తుంది? తిప్పి పంపిస్తుంది. అది జబ్బు కాదు, వేగం తగ్గించమని చెప్పడం. అలా తిప్పుతున్నట్టు అనిపించగానే ఇరవై నిమిషాలు నడవండి, తల మీద నీళ్లు పోసుకోండి, గుక్క గుక్కగా తాగండి, తర్వాత చిన్న ముక్క ఏదైనా నమలండి. వాంతి అయినా కంగారు పడొద్దు. చాలాసార్లు దాని తర్వాతే కడుపు తేలికపడి ఆకలి వేస్తుంది. నిరుడు మీరు వాంతి అయ్యాక గంట ఆగి ఉంటే ఏమయ్యేదో మనకి తెలియదు.

గంటకి 200 నుంచి 300 క్యాలరీలు పోతూ ఉండాలి. జెల్స్ పడవన్నారు, మంచిదే, నాకూ 50 మైళ్ల తర్వాత వాటి పేరు వింటేనే నోరు మూసుకుపోతుంది. స్టేషన్లలో ఉడికించిన బంగాళదుంపలు ఉంటాయి, పక్కనే గిన్నెలో ఉప్పు. అద్దుకుని తినండి. పుచ్చకాయ ముక్కలూ ఉప్పుతోనే. సూపు మాత్రం అడగకుండా తాగకండి. రాత్రి వేడివేడిగా కప్పులో పోసి ఇచ్చేది చాలాసార్లు చికెన్ నీళ్లే. చలిలో ఆ ఆవిరి చూసి మా స్నేహితుడొకడు, గుడ్డు కూడా ముట్టనివాడు, రెండు కప్పులు తాగేసి మూడో కప్పుకి అడిగాడు ఇది ఏమిటని.

మన తిండి సంగతికి వస్తే, నేను చేసిన తప్పు చెబుతాను. మొదటిసారి మిషిగన్ బ్లఫ్ ఎయిడ్ స్టేషన్‌కి పులిహోర తెప్పించుకున్నాను. ఉప్పు ఉంది, అన్నం ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. నూనె, చింతపండు, ఎండుమిర్చి కలిసి ఎండలో ఎండిపోయిన గొంతులోకి దిగితే ఎలా ఉంటుందో ఆలోచించలేదు. రెండు మైళ్లు కూడా నిలవలేదు. రెండోసారి పెరుగన్నం. అన్నం మెత్తగా చిదిపి, పెరుగులో నీళ్లు కలిపి జారుగా చేసి, పోపు లేకుండా, ఉప్పు మామూలుకన్నా ఎక్కువ వేసి, ఐసు పెట్టెలో చల్లగా ఉంచిన చిన్న డబ్బా. పైన మామిడి ఊరగాయ ముక్క కాదు, ఊట మాత్రం వేలితో అద్దినంత. చెంచా అక్కర్లేకుండా తాగేశాను. ఫారెస్ట్‌హిల్‌లో చీకటి పడ్డాక ఫ్లాస్కులో మిరియాల చారు. మీకు అదే పడుతుందని చెప్పను. పడుతుందో లేదో ఏప్రిల్, మే నెలల్లో పొడవాటి పరుగు మధ్యలో, మంచి ఎండలో తిని చూసుకోండి. కొత్త తిండి, కొత్త బూట్లు, కొత్త సాక్సులు పరుగు రోజున పనికిరావు.

ఐబుప్రొఫెన్ వేసుకోవచ్చా అన్నారు. వద్దు. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడను. గంటల తరబడి ఎండలో, నీరు తగ్గిన శరీరంతో, దెబ్బతిన్న కండరాల వ్యర్థాలన్నీ వడపోస్తున్న మూత్రపిండాలకి రక్తం తగ్గించే మాత్ర అది. నొప్పి తగ్గుతుంది, నష్టం లోపల జరుగుతుంది. మూత్రం కోలా రంగులోకి వస్తే మెడికల్ టెంట్‌కి వెళ్లండి, పరుగు తర్వాతైనా సరే, ఇంటికొచ్చాకైనా సరే. మోకాళ్లు ఇప్పటినుంచే నొప్పి అంటున్నాయంటే ఫిజియోథెరపిస్టుకి చూపించుకోవాల్సింది ఈ వారమే.

నీళ్ల గురించి ఒకటే మాట. దాహం వేస్తే తాగండి, వేయకపోతే కడుపు నింపుకోకండి. ఎక్కువ నీళ్లు తాగి రక్తంలో సోడియం పలచబడితే అది నీరు తగ్గడం కన్నా ప్రమాదం. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, తలనొప్పి, వికారం, అయోమయం వస్తే ఇంకా నీళ్లు పోసుకోవడం ఆపి డాక్టర్‌కి చెప్పండి. ఉప్పు బిళ్లలు మింగినంత మాత్రాన ఎక్కువ తాగిన నీళ్లకి విరుగుడు కాదు.

కుర్చీ గురించి. అక్కడి పరుగువాళ్ల నోట తరచూ వినబడే హెచ్చరిక, కుర్చీతో జాగ్రత్త అని. దారిలో ఇరవై దాకా ఎయిడ్ స్టేషన్లు ఉన్నాయి. ఒక్కోచోట ఐదు నిమిషాలు ఆగినా గంటా నలభై నిమిషాలు పోయినట్టే. దూరం నుంచి స్టేషన్ దీపాలు కనపడగానే ఏం కావాలో మనసులో మూడు అనుకోండి: నీళ్లు, ఐసు, దుంప. చేతిలోకి తీసుకుని నడుస్తూ తినండి. కూర్చోవాల్సింది పాదాలు చూసుకోవడానికే. బొబ్బ లేస్తుందనిపించిన చోట, మంట మొదలవగానే ఆగి టేపు వేసుకోండి. ఇంకో స్టేషన్ దాకా చూద్దాం అనుకుంటే అక్కడికి వెళ్లేసరికి తోలు ఊడి ఉంటుంది. వాజలీన్ తొడలకి, చంకలకి ముందే పట్టించండి. ఈ విషయంలో సిగ్గుపడితే ఆబర్న్‌లో స్నానం చేసేటప్పుడు కేకలు పెడతారు.

ఫారెస్ట్‌హిల్ నుంచి పేసర్ మీతో రావచ్చు. మీ సామాను మోయకూడదు, నీళ్ల సీసా కూడా పట్టుకోకూడదు. మీకన్నా వేగంగా పరిగెత్తే స్నేహితుణ్ని కాదు, మీ ఏడుపు మొహాన్ని పట్టించుకోని స్నేహితుణ్ని పెట్టుకోండి. 78వ మైలు దగ్గర రక్కీ చక్కీ అనే చోట అమెరికన్ నది దాటాలి. అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని మొలలోతు నీళ్లలో నడుస్తారు, నీరు ఎక్కువగా ఉన్న ఏడాది పడవల్లో దాటిస్తారు. రాత్రంతా ఆ చన్నీళ్లలో వరసగా నిలబడి కాలు ఎక్కడ పెట్టాలో చెప్పే వాలంటీర్లని చూస్తే మన అలసట గురించి మాట్లాడబుద్ధి కాదు. దాటాక పొడి సాక్సులు.

తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా ఉంటుంది అసలు పరీక్ష. కళ్లు మోసం చేస్తాయి. ఆబర్న్ లేక్ ట్రైల్స్ దాటాక దారికి అడ్డంగా గేదె పడుకుని ఉంది. నేను పక్కకి తప్పుకుని, పొదల్లోంచి చుట్టూ తిరిగి వెళ్లాను. నా పేసర్ ఏమీ అనలేదు. తర్వాత అడిగితే, "నువ్వు చెట్టు మొద్దుకి ఎందుకు అంత మర్యాద ఇచ్చావో అనుకున్నా" అన్నాడు. ఆ సమయంలో మనసు చెప్పేది ఏదీ నమ్మకండి, ముఖ్యంగా మానేద్దామన్న మాట. తూర్పు తెల్లబడ్డాక కాళ్లు మళ్లీ కదులుతాయి. ఎందుకో నాకు తెలియదు, కానీ నాకు కదిలాయి, నేను చూసిన చాలామందికి కదిలాయి. అయితే నడక తూలుతూ, మాట తడబడుతూ, మనుషుల్ని గుర్తు పట్టలేకపోతుంటే అది వేరే సంగతి. అప్పుడు పేసర్ ఆపమంటే ఆపాలి. ఈ ఒప్పందం ముందే చేసుకోండి.

ఇంక మీ ఆవిడ. మీరు ఈ ముక్క ఉత్తరం చివర్లో పెట్టారు, నేనైతే మొదట్లో పెట్టేవాణ్ని. ఆరేళ్లుగా శనివారం పొద్దున ఐదింటికి వెళ్లి మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చి, స్నానం చేసి, నాలుగు దాకా పడుకునే మనిషితో ఆవిడ కాపురం చేస్తోంది. పిల్లల క్లాసులు, పుట్టినరోజు పార్టీలు, కిరాణా, అన్నీ ఒంటిచేత్తో. ఆవిడ రానన్నది ఈ పరుగుకేనని మీరు అనుకుంటున్నారు. ఆ ఆరేళ్ల శనివారాలకి వచ్చిన జవాబు అది. మా ఇంట్లో ఇదే మాట వేరేలా వచ్చింది. మా పెళ్లిరోజు నాడు 50 కిలోమీటర్ల పరుగు పెట్టుకుని, సాయంత్రం హోటల్లో సూపు రాకముందే నిద్రపోయాను. మా ఆవిడ బిల్లు కట్టి నన్ను లేపింది. ఏమీ అనలేదు, ఇంటికొచ్చాక నా బూట్లు తీసుకెళ్లి గరాజ్‌లో పెట్టింది.

కాబట్టి క్రూగా రమ్మని బతిమాలకండి. క్రూ అంటే దుమ్ములో షటిల్ బస్సుల కోసం నిలబడడం, రాత్రంతా మడత కుర్చీలో జాగారం. అది మీ పరుగు స్నేహితుల్లో ఇద్దరికి అప్పగించండి. ఏప్రిల్, మే నెలల్లో నెలకి రెండు శనివారాలు పూర్తిగా ఇంటికి ఇచ్చేసి, ఆ పొడవాటి పరుగుల్ని శుక్రవారం సెలవు పెట్టి చేసుకోండి. ఇది మాట ఇవ్వడం కాదు, ఇంటి క్యాలెండర్ మీద రాయడం. తర్వాత ఒక్కటే అడగండి: ఆదివారం పొద్దున పది గంటలకి, పిల్లలతో, ఆబర్న్‌లో ప్లేసర్ హైస్కూల్ ట్రాక్ దగ్గరికి రాగలవా అని. పరుగు ముగిసేది అక్కడే. పది నుంచి పదకొండు దాకా చివరి గంటలో వచ్చేవాళ్లని చూడడానికి, గెలిచినవాళ్లతో సహా, జనం ఆ గడ్డి మీద నిండిపోతారు. 2015లో గన్‌హిల్డ్ స్వాన్సన్ అనే 70 ఏళ్ల ఆవిడ అక్కడ అడుగుపెట్టేసరికి గడియారంలో నిమిషాలు అయిపోతున్నాయి. ముందురోజే గెలిచిన రాబ్ క్రార్ హవాయి చెప్పుల్లో ఆవిడ పక్కన పరిగెత్తాడు. 29 గంటల 59 నిమిషాల 54 సెకన్లకి గీత దాటింది. మీ పిల్లలకి ఆ గంట చూపించండి, మీరు ఆ గంటలో వచ్చినా, అంతకు ముందే వచ్చి గడ్డి మీద కాళ్లు చాపుకుని కూర్చున్నా.

వస్తే ఒక జాగ్రత్త మాత్రం మీ ఆవిడకి ముందే చెప్పండి. ట్రాక్ మీద మీరు తూలినా చెయ్యి పట్టుకోకూడదు. 2006లో అందరికన్నా ముందు వచ్చిన బ్రయన్ మారిసన్ ఆ చివరి మూడు వందల గజాల్లో కూలిపోతే, తోడున్నవాళ్లు లేపి నడిపించారు. గీత దాటించినా అనర్హుడన్నారు. పక్కన నడవచ్చు, పేరు పెట్టి పిలవచ్చు. ముట్టుకోవడం గీత దాటాకే.

తిరుగు ప్రయాణంలో కారు మీరు నడపొద్దు. ఆబర్న్ నుంచి ఫ్రీమాంట్‌కి దారి ఖాళీగా ఉన్నా రెండు గంటలు దాటుతుంది, ఆదివారం సాయంత్రం ఇంకా ఎక్కువ. పాదాలు ఒక సైజు ఉబ్బి ఉంటాయి, పాత చెప్పులు డిక్కీలో వేసుకోండి. సోమ, మంగళవారాలు సెలవు పెట్టండి. మీది మేడ ఇల్లయితే ఆ రెండు రాత్రులకి పరుపు కింద హాల్లో వేయించుకోండి.

ఇక అమ్మ. ముందు చెప్పకండి. మూడు నెలలు ఆవిడ నిద్ర పాడుచేసి మీకు ఒరిగేదేమీ లేదు. అయ్యాక చెప్పండి, బకిల్ ఫొటోతో కాదు, ఫోన్ చేసి, అన్నం తిన్నానని ముందు చెప్పి. ఇక్కడ ఆదివారం పొద్దున 11 అయితే ఖమ్మంలో రాత్రి పదకొండున్నర. ఆ వేళ ఫోన్ మోగితే ఆవిడ గుండె జారిపోతుంది. మీరు ఇంటికొచ్చి, స్నానం చేసి, ఆదివారం రాత్రి పడుకోబోయే ముందు చేయండి. అక్కడ సోమవారం పొద్దున అయి ఉంటుంది, ఆవిడ కాఫీ తాగుతూ ఉంటుంది.